మేడ మీది బెడ్‌రూమ్ చల్లబడాలంటే 2 టన్నుల ఏసీ కావాలా?

ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి తరవాత చదివేవాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. అడిగినవాళ్ళకు విశాఖ మురళీనగర్‌లో సొంత ఇల్లు, కింద అమ్మానాన్నలు, పైన వీళ్ళు. పైన 12×13 అడుగుల బెడ్‌రూమ్‌లో నిరుడు 1.5 టన్నుల ఇన్వర్టర్ ఏసీ (అవసరాన్ని బట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) పెట్టించారు. రాత్రి పదింటికి వేస్తే ఒంటిగంట దాకా గది దారికి రాదు, 18లో పెట్టినా అంతే. కింద అమ్మానాన్నల గదిలో పాత టన్ను ఏసీ మాత్రం పావుగంటలో దుప్పటి కప్పిస్తోంది. షాపులో అడిగితే 2 టన్నులది తీసుకోమన్నారు. తీసుకోవాలా?

వద్దండీ. మీ గదికి టన్నున్నర సరిపోతుంది (ఏసీలో టన్ను అంటే చల్లబరిచే సత్తువకు కొలత, బరువు కాదు). మీ ఏసీకి అసలు భారం గదిలో గాలి వల్ల రావట్లేదు, నెత్తి మీదున్న శ్లాబు వల్ల వస్తోంది. కొత్త ఏసీకి పెట్టే డబ్బులో కొంత డాబా మీద ఖర్చు పెట్టండి, ఏసీ వేసే వేళ మార్చండి, అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడుందో ఒకసారి చూసుకోండి. అంతకంటే ముందు ఇప్పుడున్న ఏసీ ఆరోగ్యంగా ఉందో లేదో తేల్చుకోవాలి. దానికి ఒక బకెట్ చాలు, కింద చెబుతాను.

నేను విశాఖలో ఏసీ పనిలోకి దిగి ఇరవై రెండేళ్ళు దాటింది. విండో ఏసీలు భుజాన వేసుకుని మెట్లెక్కిన కాలం నుంచి ఇదే పని. మార్చి ఆఖరు నుంచి జూన్ దాకా నాకు వచ్చే ఫోన్లలో సగానికి పైగా ఇదే ఫిర్యాదు, దాదాపు అన్నీ పై అంతస్తు గదులే. వెళ్ళి చూస్తే చాలాసార్లు ఏసీలో ఏ జబ్బూ ఉండదు.

ముందు శ్లాబు సంగతి. మన ఇళ్ళకు వేసేది ఐదంగుళాల కాంక్రీటు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా దానికి నీడ అన్నది ఉండదు. మధ్యాహ్నం రెండింటికి చెప్పుల్లేకుండా డాబా మీద నిలబడలేం కదా, ఆ వేడి అప్పటికప్పుడు కిందికి దిగదు. కాంక్రీటులోంచి దిగడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది. అందుకే బయట ఎండ చల్లారాక, సాయంత్రం ఐదు నుంచి ఏడు మధ్య మీ సీలింగ్ బాగా వేడెక్కి ఉంటుంది. మీరు పడుకునే వేళకు ఆ వేడినే మెల్లగా గదిలోకి వదులుతూ ఉంటుంది. నా సంచిలో ఒక టెంపరేచర్ గన్ ఉంటుంది. మే నెలలో రాత్రి తొమ్మిదింటికి ఇలాంటి గదుల్లో సీలింగ్‌కి గురిపెడితే 37, 38 చూపించడం నాకు మామూలే. అదే ఇంట్లో కింది గది సీలింగ్ 31, 32 దగ్గర ఉంటుంది. మీ అమ్మానాన్నల గదికి మీ బెడ్‌రూమే గొడుగు. మీకు గొడుగు లేదు, తేడా అంతా అక్కడే ఉంది.

ఇంకో మాట. సీలింగ్ నుంచి వచ్చే వేడి గదిలో గాలినే కాదు, మంచం మీద పడుకున్న మనిషిని నేరుగా తాకుతుంది. పొయ్యి దగ్గర కూర్చుంటే గాలి చల్లగా ఉన్నా మొహం కాలినట్టు అనిపిస్తుంది చూడండి, అదే లెక్క. గదిలో గాలి 25కి వచ్చినా పైన 37 డిగ్రీల పెనం బోర్లించి ఉంటే ఒళ్ళు ఒప్పుకోదు. "రిమోట్‌లో 24 చూపిస్తోంది, ఉక్క మాత్రం తగ్గలేదు" అని నాతో అన్నవాళ్ళెవరూ అబద్ధం చెప్పలేదు.

18లో పెడితే తొందరగా చల్లబడదు. ఇది అందరికీ ఉన్న భ్రమ. గది 34లో ఉన్నప్పుడు మీరు 18 నొక్కినా 25 నొక్కినా ఇన్వర్టర్ కంప్రెసర్ మొదట పరుగెత్తేది పూర్తి వేగంతోనే. 25లో పెడితే అక్కడికి చేరాక నెమ్మదిస్తుంది. 18లో పెడితే ఆ గది జన్మలో 18కి రాదు కాబట్టి తెల్లారేదాకా పరుగెడుతూనే ఉంటుంది, బిల్లు దానితో పాటే పరుగెడుతుంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24లో మొదలయ్యేలా ప్రభుత్వం నిబంధన పెట్టింది ఇందుకే.

ఇప్పుడు విశాఖ ప్రత్యేకత. హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది మే నెలంతా కూలర్‌తో గడిపేస్తాడు. అక్కడ 41 ఉన్నా గాలి పొడి. మన దగ్గర 35 ఉన్నా చొక్కా ఒంటికి అతుక్కుంటుంది, కూలర్ పెడితే గది ఆవిరి కుండ అయిపోతుంది. ఇక్కడ ఏసీ రెండు పనులు చేయాలి, గాలిని చల్లబరచాలి, అందులోని తేమను నీళ్ళగా పిండి బయటికి పంపాలి. ఆ రెండో పని చిన్నదేం కాదు. గంటకు రెండు లీటర్ల నీళ్ళు తీస్తే టన్నున్నర ఏసీ సత్తువలో పావు వంతు దానికే పోతుంది.

ఇక్కడే 2 టన్నులది బెడిసికొడుతుంది. పెద్ద ఏసీ గాలిని చటుక్కున చల్లబరిచి, పని అయిపోయిందనుకుని కంప్రెసర్ ఆపేస్తుంది, ఇన్వర్టర్ అయితే బాగా తగ్గించేస్తుంది. గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట, అంటే కాయిల్, చల్లదనం తగ్గగానే తేమ పిండడం ఆగిపోతుంది. లాసన్స్ బే కాలనీలో ఒక ఇంట్లో 12×12 గదికి పట్టుబట్టి 2 టన్నుల నాన్ ఇన్వర్టర్ పెట్టించుకున్నారు. ఆర్నెల్లకు ఆ ఇంటావిడ ఫోన్ చేసి, "గది చల్లగానే ఉంటోంది బాబూ, కానీ జిగటగా ఉంటోంది, బీరువాలో పట్టుచీరలకు బూజు పడుతోంది" అన్నారు. ఏసీ మార్చకుండా దానికి నేను చేయగలిగింది పెద్దగా లేదు. చివరికి దాన్ని హాల్లోకి మార్చాం.

సరే, బకెట్ పరీక్ష. సాయంత్రం తలుపులు, కిటికీలు మూసి, ఏసీని 24లో, ఫ్యాన్ స్పీడు ఎక్కువలో పెట్టి అరగంట వదిలేయండి. తరవాత డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి గంట ఆగండి. మన ఊరి మామూలు ఉక్క రోజున లీటరు, ఆపైన నీళ్ళు పడితే మీ ఏసీ తన పని తాను చేస్తోందనే లెక్క. పడమటి గాలి వీచే రోజున ఈ పరీక్ష పెట్టకండి. ఆ గాలి పొడిది, నీళ్ళు ఎలాగూ తక్కువే వస్తాయి, అనవసరంగా కంగారు పడతారు. దీనితో పాటు వంద రెండొందల్లో దొరికే థర్మామీటర్‌తో ఏసీ పైభాగంలో గాలి పీల్చేచోట ఒకసారి, చల్లగాలి వచ్చే మూతి దగ్గర ఒకసారి చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. 5, 6 దగ్గరే ఆగిపోతే అప్పుడు మెకానిక్‌ని పిలవండి.

మెకానిక్ వచ్చి మూత కూడా విప్పకుండా "గ్యాస్ అయిపోయిందండీ" అంటే మాత్రం జాగ్రత్త. మా వృత్తివాళ్ళ మీద నేనే చెబుతున్నాను. ఏసీలో గ్యాస్ పెట్రోల్ లాగా ఖర్చయ్యేది కాదు. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. ఎక్కువగా ఇండోర్, అవుట్‌డోర్ యూనిట్ల దగ్గర రాగి పైపు బిగించే ఫ్లేర్ నట్ల దగ్గరే కారుతుంది. నైట్రోజన్ పట్టి లీకు వెతికి, సరిచేసి, వ్యాక్యూమ్ లాగి (పైపుల్లో గాలంతా తీసేసి), ఆ తరవాత కాటా మీద తూచి గ్యాస్ ఎక్కించాలి. ఎంత గ్రాముల గ్యాస్ పట్టాలో అవుట్‌డోర్ యూనిట్ స్టిక్కర్ మీదే రాసి ఉంటుంది. ఇప్పుడొచ్చే ఏసీల్లో చాలావాటిలో ఆర్-32 గ్యాస్, దానికి కొద్దిగా మండే గుణం ఉంది. అరగంటలో "టాపప్" చేసి వెళ్ళిపోయేవాళ్ళ చేతిలో పెట్టకండి.

మీ అవుట్‌డోర్ యూనిట్ డాబా మీద మూలన, పిట్టగోడకు ఆనుకుని ఉందని రాశారు. అది నాకు నచ్చలేదు. ఆ యూనిట్ పని గదిలోంచి లాగిన వేడిని బయట పారేయడం. మూలన పెడితే పారేసిన వేడిగాలి పిట్టగోడకు కొట్టుకుని మళ్ళీ వెనక్కే వస్తుంది, అదే గాలిని అది మళ్ళీ పీలుస్తుంది. సీతమ్మధారలో ఒకరు ఎండ తగలకూడదని మంచి మనసుతో యూనిట్‌కి మూడు వైపులా రేకులు కట్టించారు. మధ్యాహ్నం దాని వెనక చెయ్యి పెడితే కాలింది. రేకులు విప్పి, నాలుగడుగులు జరిపి, ముందు వైపు ఖాళీ వదిలేసరికి ఆ రాత్రే తేడా తెలిసింది. వెనక ఒక అడుగు, ముందు మూడు నాలుగు అడుగులు ఖాళీ ఉండాలి. వీలైతే ఉత్తరపు గోడకు స్టాండు కొట్టించి దించేయండి. పైన నీడ పెట్టొచ్చు, పక్కలు మాత్రం మూయకండి.

ఉప్పుగాలి గురించి ఎం.వి.పి. కాలనీ, పెదవాల్తేరు, రుషికొండ వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. సముద్రం పక్కన ఇళ్ళలో మూడు నాలుగేళ్ళకే కాయిల్ రెక్కలు అప్పడాల్లా నలిగి రాలిపోవడం చూశాను. రెక్కలు పాడైతే వేడి బయటికి పోదు, ఎన్ని టన్నులున్నా దండగ. మురళీనగర్‌లో అంత బాధ ఉండదు గానీ, రెండు మూడు నెలలకోసారి కరెంటు కట్టేసి మామూలు మంచినీళ్ళ పైపుతో మెల్లగా కడగండి. కారు కడిగే ప్రెషర్ గన్ పెడితే రెక్కలు వంగిపోతాయి.

ఇక అసలు వైద్యం, డాబా.

తక్కువ ఖర్చులో ఎక్కువ ఫలితం ఇచ్చేది తెల్ల పూత. కూల్ రూఫ్ పెయింట్ అని అడిగితే హార్డ్‌వేర్ షాపుల్లో ఇస్తారు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దీని కోసం ఏకంగా ఒక కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. తెలుపు ఎండను తిప్పికొడుతుంది, శ్లాబు లోపలికి వెళ్ళే వేడే తగ్గిపోతుంది. నేను పూత వేయించిన ఇళ్ళలో రాత్రి తొమ్మిదింటి సీలింగ్ వేడి మూడు నాలుగు డిగ్రీలు తగ్గడం గన్‌తో చూశాను. వినడానికి చిన్న అంకె. పడుకునేవాడికి పెద్దది.

వేయించేటప్పుడు తొందరపడకండి. ముందు పాచి గీకి, కడిగి, రెండు రోజులు ఎండనివ్వాలి. బీటలు ఉంటే పూడ్చాలి. రెండు కోట్లు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. పెయింటర్ డబ్బా మీద రాసినదాని కంటే ఎక్కువ నీళ్ళు కలుపుతాడు, పక్కనే నిలబడండి. మన ఊళ్ళో ఇంకో చిక్కు ఉంది. వానాకాలం, ఆ తరవాత తుఫాన్లు పోయేసరికి తెల్ల డాబా నల్లటి పాచి పట్టి సగం గుణం పోగొట్టుకుంటుంది. పాతనగరం వైపు అయితే దుమ్ము కూడా తోడవుతుంది. కాబట్టి ఏటా సంక్రాంతి అయ్యాక ఒకసారి డాబా రుద్ది కడిగించండి. పూత మొత్తం మళ్ళీ వేయాల్సిన అవసరం నాలుగైదేళ్ళకు గానీ రాదు.

డబ్బులకు ఇబ్బంది ఉంటే పాత పద్ధతి ఉండనే ఉంది, సున్నంలో ఫెవికాల్ కలిపి రెండు మూడు పూతలు. ఆ వేసవికి బాగానే పనిచేస్తుంది, వానలకు కొట్టుకుపోతుంది, వచ్చే ఏడు మళ్ళీ వేసుకోవాలి. డాబాకు ఎలాగూ లీకేజీ పని చేయిస్తుంటే మాత్రం తెల్ల టైలు ముక్కల చైనా మొజాయిక్ వేయించేయండి, ఖర్చు ఎక్కువే గానీ ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు.

రేకుల షెడ్డు వేస్తే శ్లాబుకు నీడ దొరుకుతుంది, కింద గాలి ఆడుతుంది, చల్లదనంలో దానికి వంక పెట్టలేం. కానీ 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు మన ఊళ్ళో రేకులు ఎలా ఎగిరాయో చూసినవాణ్ణి. వేయిస్తే ఫ్రేమును శ్లాబులోకి గట్టిగా బిగించే మనిషితోనే వేయించండి. దానికంటే సోలార్ ప్యానెళ్ళు నయం అనేది నా అభిప్రాయం. కేంద్ర ప్రభుత్వ పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు 78,000 రూపాయల రాయితీ వస్తోంది. కరెంటు బిల్లు ఎలాగూ తగ్గుతుంది, ప్యానెళ్ళను బెడ్‌రూమ్ పైన వచ్చేలా పెట్టించుకుంటే దాని మీద నీడ ఊరికే వచ్చినట్టే. గోపాలపట్నంలో మా ఇంటికి అలాగే పెట్టించాను. పెట్టేవాళ్ళు తమకు సులువుగా ఉన్నచోట పెట్టబోతారు, నేను వాటర్ ట్యాంకు నీడ పడకుండా చూసుకుని బెడ్‌రూమ్ మీదికి జరిపించాను.

సాయంత్రం డాబా మీద నీళ్ళు చల్లడం గురించి కూడా అడిగారు. కాసేపు పనిచేస్తుంది, అబద్ధం కాదు. కానీ రోజూ అన్ని నీళ్ళు ఎక్కడివి, పైగా బీట ఉంటే శ్లాబులో ఇనుము తుప్పు పడుతుంది. నేను చేయమనను. ఫాల్స్ సీలింగ్ ఒక్కటే వేస్తే కొంత మేలు, ఎందుకంటే ఆ వేడి పెనానికీ మీకూ మధ్య ఒక తెర వస్తుంది. దాని పైన వేడిని ఆపే రాక్‌వూల్ లాంటిది పరిస్తే బాగా మేలు. ముందు డాబా లీకేజీ లేదని ఖాయం చేసుకున్నాకే వేయించండి, లేదంటే లోపల చెమ్మ చేరి సీలింగ్ ఊడి మీద పడేదాకా తెలియదు.

పడమటి కిటికీకి లోపల ఎంత మందం కర్టెన్ కట్టినా ఎండ అప్పటికే అద్దం దాటి లోపలికి వచ్చేసింది. నీడ బయట ఉండాలి. వెదురు తడికె, గ్రీన్ నెట్, ఏదైనా సరే.

ఇప్పుడు ఏసీ వేసే వేళ. పదింటికి వేయడమే మీ పొరపాటు. పొద్దున్నుంచి మూసి ఉన్న గదిలో గోడలు, మంచం, పరుపు, బీరువా అన్నీ వేడెక్కి కూర్చుంటాయి, ఏసీ వాటన్నిటినీ చల్లబరచాలి. నేను మా ఇంట్లో చేసేది ఇదీ. పావు తక్కువ ఎనిమిదింటికి కిటికీలు తెరిచి ఫ్యాన్ వేసి పావుగంట లోపలి వేడిగాలి పోనిస్తాం. అంతకంటే ఎక్కువ సేపు తెరవం, తేమ నిండిపోతుంది. ఎనిమిదింటికి అన్నీ మూసి ఏసీ 26లో వేస్తాం. భోజనాలు అయ్యేసరికి గోడలు కూడా చల్లబడి ఉంటాయి. పడుకునేటప్పుడు సీలింగ్ ఫ్యాన్ ఒకటి లేదా రెండులో, ఏసీ 26లోనే. ఒక మే నెలలో రోజు విడిచి రోజు మీటరు రాసి చూశాను. పదింటికి 18లో వేసిన రోజుల కంటే ఎనిమిదింటికి 26లో వేసిన రోజుల యూనిట్లు పెరగలేదు, రెండు గంటలు ఎక్కువ నడిచినా సరే. మా ఆవిడ మొదట నమ్మలేదు, ఆ పుస్తకం ఇప్పటికీ ఆవిడ దగ్గరే ఉంది.

మీ మెట్లు ఇంటి లోపలే ఉన్నాయన్నారు. చల్లగాలి బరువైనది, సందు దొరికితే మెట్ల మీదుగా కిందికి జారిపోతుంది. తలుపు కింద సందుకు రబ్బరు పట్టీ కొట్టించండి, అది దొరికేదాకా పాత దుప్పటి చుట్టి అడ్డం పెట్టండి. స్లైడింగ్ కిటికీల అంచుల్లో బ్రష్ లాంటి పట్టీ ఉంటుంది, అది అరిగిపోయిందేమో చూడండి. ఏసీలో తేమ తీయడానికి ఉండే డ్రై మోడ్ జులై, ఆగస్టు ముసురు రోజులకు బాగుంటుంది, రోహిణి కార్తెలో శ్లాబు కాలుతున్నప్పుడు దానివల్ల కాదు.

2 టన్నులు ఎవరికి అవసరం అంటారా? గది రెండొందల చదరపుటడుగులు దాటితే, పడమటి వైపు గోడంతా అద్దమే అయితే, హాలుకు తలుపు లేకుండా కలిసిపోయి ఉంటే. పైన శ్లాబు కాకుండా ఉత్త రేకులుంటే ఏసీ సైజు లెక్క వేరే. మీ గది వీటిలో ఏదీ కాదు. షాపులో అమ్మేవాళ్ళకు మీ డాబా కనిపించదు, గది కొలతలు, "పై అంతస్తు" అన్న మాట వినగానే సైజు పెంచేస్తారు. వాళ్ళను తప్పుపట్టను, రేపు చల్లబడలేదని తిట్లు తినాల్సింది వాళ్ళే కదా.

ఈ వేసవి లోపు పిల్లల గదికి కూడా ఏసీ కొంటామని చివర్లో రాశారు. ఆ గది 10×10 అన్నారు. ఇప్పుడే కొనకండి. ఈ వారం డాబా రెండు గదుల మీదా కడిగించి పూత వేయించండి, అవుట్‌డోర్ యూనిట్ మూలలోంచి జరిపించండి, పది రోజులు ఎనిమిదింటి పద్ధతి పాటించండి. ఆ తరవాత రాత్రి తొమ్మిదింటికి పిల్లల గది సీలింగ్ మీద అరచెయ్యి ఆనించి చూడండి, స్టూలు ఎక్కాల్సి వస్తుంది. వెచ్చగా మాత్రమే ఉంటే ఆ గదికి టన్ను ఏసీ చాలు. ఇంకా కాలుతున్నట్టు ఉంటే పూత సరిగా వేయలేదని అర్థం, పెయింటర్‌ని పిలిచి చూపించండి. బకెట్‌లో ఎన్ని లీటర్లు పడ్డాయో మాత్రం ఇక్కడే రాయండి, అది చూసి మీ గదిలో ఉన్న ఏసీ సంగతి చెబుతాను.